బండి లాగు బరువు, బండి ఆపు బరువు

ధవళేశ్వరము లాకులయొద్ద నిలిచి కాలువలో పోవు సరకు పడవలను చూచిన పెద్దలు మన సభ్యులలో నేటికిని గలరు. పడవ ఎంత బరువు మోయుచున్నదో తెలిసికొనుటకు తక్కెడతో పనిలేకుండెను. బస్తా వెంట బస్తా దింపుచుండగా పడవ కొంచెము కొంచెముగ నీటిలోనికి దిగుచుండును. నీరు అంచునకు సమీపింపగానే సరంగు చేయెత్తి, "చాలు" అనును. ఆ మాటకు తిరుగు లేదు. అచ్చట నీరే కాటా, నీరే హద్దు.

1852లో సర్ ఆర్థరు కాటను ఆనకట్ట పని ముగిసిన పిమ్మట ఈ కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక సరకునకు దారులునై, మన ధాన్యమును తరతరములు మోసినవి. గట్టుమీద నడచుచు ఒకరిద్దరు మనుష్యులు త్రాటితో అంత పడవను లాగుకొని పోవుచుండిరి. గట్టెక్కిన పిమ్మట ఎద్దుబండి వచ్చెను. దానికిని ఒక హద్దుండెను. మోయరాని బరువెత్తినచో ఎద్దులు అడుగు వేయవు. మెడలు వంచి నిలిచిపోవును. రైతు వాని ముఖము చూచి నాలుగు బస్తాలు దింపుకొనెడివాడు.

నేడు ఆ పని ట్రాక్టరును, దాని వెనుక తగిలించు తొట్టిబండియు చేయుచున్నవి. ట్రాక్టరునకు నీటిగీత లేదు. అలసిన ఎద్దుకున్న నోరును లేదు. పొగ కొంచెము నల్లగా వచ్చును, అంతియే. కావున హద్దు తెలిసికొను భారము పూర్తిగా మన మీదనే పడినది. కోతలు ముగిసిన వెనుక ధాన్యము మిల్లునకు తోలుకొనుచున్నాము. అదే తొట్టిలో పరదా పరచి కోటిపల్లి తీర్థమునకు, అంతర్వేది కల్యాణమునకు ఇంటిల్లిపాదియు బయలుదేరుచున్నాము. 2015 తరువాత మరల 2027లో గోదావరి పుష్కరములు వచ్చుచున్నవి. ఈ సమయమున బండి బరువు సంగతి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మూడు పనులు

బండి చేయు పనులు మూడు: లాగుట, ఆపుట, మోయుట. లాగుట ఇంజను పని. ఆపుట బ్రేకుల పని. మోయుట టైర్లు, ఇరుసులు, కమాను పట్టీలు, కొక్కెము కలసి చేయు పని. ఈ మూటికిని వేర్వేరు హద్దులున్నవి. మూటిలో ఏది తక్కువయో అదియే బండి హద్దు. మన రైతులు సాధారణముగ మొదటి దానిని మాత్రమే చూచి తక్కిన రెంటిని మఱచుచున్నారు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఇంజను ఎంత లాగును?

చక్రముల మీద నున్న బరువును చదును దారిలో లాగుట చాల తేలిక. మంచి తారురోడ్డు మీద టన్ను బరువును దొర్లించుటకు ఇరువది మొదలు ముప్పది కిలోల లాగుడు చాలును. ఒక ఎద్దు అలసట లేకుండ తన ఒంటి బరువులో సుమారు నూటికి పది పాళ్లు లాగగలదు. నాలుగేసి వందల కిలోల ఎద్దులు రెండు కలసి 80 కిలోలు లాగునన్నమాట. అందుచేతనే ఒక జత ఎద్దులు టన్ను సరకును, దానిపై బండి బరువును అవలీలగ ఈడ్చుకొని పోయెడివి.

రెండు టన్నుల ట్రాక్టరో, పట్టు దొరికిన నేలపై తక్కువ గేరులో వేయి కిలోల దాక లాగగలదు. ఆరు టన్నుల తొట్టిబండిని చదును రోడ్డుపై కదలించుటకు దానికి కావలసినది 120 మొదలు 180 కిలోలు మాత్రమే. ఇంకను ఎంతయో శక్తి మిగిలియున్నట్లు తోచును. మనలను మోసపుచ్చునది ఈ తేలికయే. తారు విడిచి బురదదారి పట్టినచో లాగుడు మూడు నాలుగు రెట్లు పెరుగును. పది అడుగులకు ఒక అడుగు లేచు వాలున ఎక్కునపుడు టన్నుకు మఱి నూరు కిలోలు కూడును. ఆ ఎక్కుడున ఇంజనును వేధించిన బరువే, వంతెన దాటి దిగునపుడు ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. అప్పుడు పని ఇంజనుది కాదు, బ్రేకులది.

బ్రేకు ఎంత ఆపును?

ఒక లెక్క వేసి చూపుదుము. ట్రాక్టరు బరువు 2,000 కిలోలనుకొందము. దానిని ఒంటరిగ గంటకు 20 కిలోమీటర్ల వేగమున నడపుచు బ్రేకు గట్టిగ త్రొక్కినచో సుమారు 5 మీటర్లలో నిలుచును. ఇప్పుడు 1,300 కిలోల ఖాళీ తొట్టిని తగిలించి, దానిలో 75 కిలోల ధాన్యపు బస్తాలు 70 ఎత్తితిమి. బస్తాల బరువు 5,250 కిలోలు. తొట్టితో కలిపి 6,550. ట్రాక్టరుతో కలిపి 8,550 కిలోలు. మన తొట్టిబండ్లలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. కావున రెండు టన్నులను ఆపుటకు చేసిన బ్రేకులే ఎనిమిదిన్నర టన్నులను ఆపవలయును. బరువు నాలుగు రెట్లకు మించినది గనుక నిలుచు దూరమును నాలుగు రెట్లు మించి 21 మీటర్లగును. వేగము రెట్టింపైనచో దూరము నాలుగింతలగును. అనగా 40 కిలోమీటర్ల వేగమున అదే బండి నిలుచుటకు 85 మీటర్లు కావలయును. చోదకుడు అపాయమును చూచి కాలు బ్రేకు మీదకు తెచ్చులోపల బండి పోవు దూరము దీనికి అదనము. ఇది పొడిరోడ్డు మీది స్థూలమైన లెక్క. వాన కురిసిన గట్టుదారిలో లెక్క ఇంకను చెడును.

మేము వ్యవసాయ ప్రదర్శనముల నిమిత్తము గ్రామములు తిరుగుచుండగా ఒక సంక్రాంతికి ముందు మా కంట బడిన సంగతి యొకటి చెప్పుదుము. ఒక పెద్దరైతు కళ్లములో బస్తాలెత్తించుచుండెను. ఏబది దాటినవి. "మామగారూ, ఇంక చాలునేమో" అంటిమి. ఆయన నవ్వి, "ఇంజను లాగుతుంది గదండీ! ఆయ్, ఇంకో పది వెయ్యండ్రా" అని కూలీలను కేకవేసెను. ట్రాక్టరు నిజముగనే లాగెను. కాలువ వంతెన ఎక్కుడును మూల్గుచు ఎక్కెను. అవతలి దిగుడున తొట్టి ముందునకు త్రోసెను. చోదకుడు బ్రేకు త్రొక్కగా ట్రాక్టరు వెనుక చక్రములు జారి, బండి మడతపడి, తొట్టి ప్రక్కకు తిరిగి గట్టు దిగిపోయెను. చోదకునికి కాలు విరిగెను. సగము బస్తాలు కాలువ పాలాయెను. నెల దినముల తరువాత ఆసుపత్రి నుండి వచ్చిన చోదకుని చూడబోయినపుడు ఆ పెద్దరైతు అచ్చటనే యుండెను. మమ్ము చూచి, "అది లాగలేక పడలేదండీ, ఆగలేక పడింది" అనెను. ఆనాడు గట్టిగ చెప్పక, "చాలునేమో" అని మెల్లగ అనిన తప్పు మాదియు నున్నదని మాకు నేటికిని తోచుచుండును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నది. ట్రాక్టరునకు ఎడమ చక్రమునకొకటి, కుడి చక్రమునకొకటి బ్రేకు పెడళ్లు వేర్వేరుగ నుండును. పొలములో మలుపు తిప్పుటకు అది సౌకర్యము. రోడ్డు మీద ఒక్క పెడలు మాత్రము పడినచో బండి గిఱ్ఱున తిరుగును. కావున రోడ్డెక్కు ముందు రెండు పెడళ్లను జోడించు కొక్కెము వేసితీరవలయును. రెండవది, దిగుడున డీజిలు కలసివచ్చునని గేరు తీసి బండిని వదలుట. అట్లు వదలిన ఇంజను పట్టు పోయి, భారమంతయు బ్రేకుల పైననే పడును. ఎక్కునపుడు వేసిన తక్కువ గేరుననే దిగవలయును.

ఐరోపా దేశములలో 750 కిలోలు మించిన తొట్టిబండికి సొంత బ్రేకు ఉండితీరవలయునని నిర్బంధము. ఇంగ్లండులో విహారయాత్రలకు పోవువారు కారు వెనుక కారవాను అను చిన్న ఇల్లుబండిని తగిలించుకొందురు. క్రొత్తగా నడపువారు నిండు కారవాను బరువు కారు బరువులో నూటికి 85 పాళ్లు మించకుండ చూచుకొనుట మేలని అచ్చట సలహా యిత్తురు. లాగు బండి కంటె లాగబడు బండి బరువైనచో వెనుకది ముందుదానిని ఆడించునని వారి అనుభవము. పైన చెప్పిన లెక్కలో మన తొట్టి ట్రాక్టరునకు మూడు రెట్లు మించియున్నది. వారు కారుతో పరుగెత్తుదురు, మనము ట్రాక్టరుతో నెమ్మదిగ నడతుము. ఆ నెమ్మదియే మనకున్న రక్షణ. ఆ నెమ్మదిని విడిచిననాడు మనకు మిగులు రక్షణ ఏమియు లేదు.

బండి ఎంత మోయును?

తొట్టి నిండినదా లేదాయని చూచి బరువు నిర్ణయించుట మన అలవాటు. ఇది పొరపాటు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిలో 120 ఘనపుటడుగులు పట్టును. దానిని అంచుల దాక పొడిధాన్యముతో నింపినచో సుమారు రెండు టన్నులు. నీటితో నింపినచో మూడు టన్నుల నాలుగు వందల కిలోలు. గోదావరి ఇసుకతో నింపినచో ఐదున్నర టన్నులు. ఇసుక తడిసియున్నచో ఇంకను ఎక్కువ. తొట్టి ఒక్కటే, నిండుట ఒక్కటే, బరువు మాత్రము మూడింతలకు దగ్గర. ధాన్యమునకు అలవాటుపడిన కన్ను ఇసుక రేవునకు పోయినప్పుడు మోసపోవుట ఇందువలననే. కడియపులంక నుండి మొక్కలు తెచ్చువారును ఆకు చూచి తేలికయనుకొందురు. బరువంతయు వేళ్లకు పట్టిన తడిమట్టిలో నున్నది.

ధాన్యములోను తేడా గలదు. కోతమిషను పట్టిన పచ్చిధాన్యమున నూటికి 24 పాళ్లు తేమ యున్నదనుకొందము. కొనుగోలునకు ఒప్పుకొను తేమ 17 పాళ్లు. ఈ పచ్చిధాన్యము టన్ను తోలినచో అందులో 84 కిలోలు ఆరబెట్టినచో పోవునట్టి నీరే. ఆ నీటికి మనము డీజిలు పోసి, టైర్లు అరగదీసి, ధర లేకుండ మోయుచున్నాము.

టైరు ప్రక్కభాగమున అది మోయగల బరువు గుర్తు అచ్చువేసి యుండును. దానికి తగిన గాలి నింపినప్పుడే ఆ బరువు చెల్లును. గాలి తక్కువగ నుండి బరువెక్కువగ నున్నచో టైరు వంగి లేచుచు వేడెక్కి పగులును. కొందఱు కమాను పట్టీలను పెంచి, బండి ఇక వంగుట లేదని సంతోషింతురు. పట్టీలు పెరిగినవి గాని ఇరుసు పెరుగలేదు, టైరు పెరుగలేదు, బ్రేకు పెరుగలేదు. వంగుట ఒక హెచ్చరిక. పట్టీలు వేసి ఆ హెచ్చరిక నోరు నొక్కితిమి, అంతియే.

బరువును ఎక్కడ ఉంచవలయును?

ఒకే బరువును మంచిగను చెడుగను ఎత్తవచ్చును. రెండు చక్రముల తొట్టిలో బరువంతయు వెనుకకు పోయినచో తొట్టి ముక్కు లేచి ట్రాక్టరు వెనుకభాగమును పైకెత్తును. వెనుక చక్రములకు పట్టు పోవును. బరువంతయు ముందునకు వచ్చినచో కొక్కెము క్రుంగి, ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోవును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. ట్రాక్టరు బరువులో అయిదవ వంతైనను ఎల్లప్పుడును ముందు చక్రముల మీద నుండవలయును. కావున బరువైన బస్తాలను ఇరుసునకు పైగాను, దానికి కొంచెము ముందునకును, అడుగున పేర్చవలయును. గడ్డి బరువు తక్కువే గాని ఎత్తెక్కువ. మలుపున ప్రక్కకు ఒరుగు బండ్లలో గడ్డిబండి మొదటిది. దానిని త్రాళ్లతో బిగించి మలుపున నడక వేగముతో తిప్పవలయును.

తొట్టిని తగిలించుటకు ట్రాక్టరు చేసినవారు నియమించిన క్రింది కొక్కెమునే వాడవలయును. ఇరుసునకు పైభాగమున గొలుసు కట్టి లాగినచో ట్రాక్టరు ముందుభాగము లేచి, వెనుకకు తిరగబడి చోదకుని మీద పడును. బురదలో దిగబడిన బండిని లాగునపుడు ఈ ప్రమాదము అధికము.

యాత్రలకు పోవునప్పుడు

ఇంతవరకు సరకు మాట చెప్పితిమి. మనుష్యుల మాట వేఱు. ముప్పదిమంది మనుష్యులను తలకు 60 కిలోల చొప్పున లెక్కించిన 1,800 కిలోలే యగును. ధాన్యము మోయు తొట్టికి ఇదేమి బరువని రైతు అడుగును. బస్తా పడుకొనియుండును, మనిషి నిలుచుండును. బస్తా కదలదు, మలుపు వచ్చినపుడు జనమంతయు ఒక ప్రక్కకు తూలుదురు. రెండడుగుల అంచు బస్తాను ఆపును గాని, నిలుచున్నవానికి అది మోకాలి ఎత్తు దాటదు. తొట్టి ఒరిగినచో బస్తా చినుగును. మనిషి సంగతి చెప్పనక్కరలేదు. కావున కాటా ఒప్పుకొన్నను తొట్టి మనుష్యులకు బండి కాదు.

2018 జూను 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండయొద్ద కూలిపనికి పోవుచున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. అందఱును దాదాపు స్త్రీలే. కాలువగట్టు మన కోనసీమలోను నున్నది, పశ్చిమ గోదావరిలోను నున్నది. నాట్ల కాలమున తెల్లవారుజామున ఈ గట్లవెంట ఎన్ని తొట్లు స్త్రీలతో పోవుచుండునో మనలో ఎరుగనివారు లేరు.

మన ధవళేశ్వరము సంగతి ఇంకను దగ్గరిది. 2015 జూను 13న తిరుపతి యాత్ర ముగించుకొని విశాఖపట్టణపు జిల్లా మోసయ్యపేటకు మరలుచున్న కుటుంబముల బండి మన ఆనకట్ట వంతెన మీదినుండి క్రిందపడెను. అందున్నవారిలో 22 మంది మరణించిరి. ఒక బాలుడు మాత్రము బ్రదికెను. అది పన్నెండు పదమూడుగురు కూర్చుండుటకు చేయబడిన తుఫాను బండి. చిన్నపిల్లలును అందులో నుండిరి. ఆ ప్రమాదమునకు బరువే కారణమని మేము చెప్పుట లేదు. ఒక బండి పడినపుడు ఎందఱు పోవుదురనునది మాత్రము ఎందఱను ఎక్కించితిమను దానిపై ఆధారపడియున్నది. దూరయాత్ర ముగించి రాత్రివేళ ఇంటిమొగము పట్టిన బండిలో చోదకుడు అలసియుండును, బ్రేకులు వేడెక్కియుండును, టైర్లు అరిగియుండును. హద్దునకు లోబడి ఎత్తిన బండికి ఈ లోపములను సహించుటకు కొంత మిగులుండును. హద్దు మీరిన బండికి మిగులు లేదు.

సొంతకారున పోవువారును ఈ లెక్క చూచుకొనవలయును. ఖాళీ బరువు 1,000 కిలోలు, నిండు బరువు 1,400 కిలోలు గల కారున ఎత్తదగినది 400 కిలోలు మాత్రమే. అయిదుగురు పెద్దలు ఎక్కిన 325 కిలోలు పోయి, మూటలకు 75 కిలోలు మిగులును. ఏడుగురిని ఇఱికించి పైకప్పున బియ్యపు సంచులు కట్టుట కారునకు భారము, మనకు ప్రాణాంతకము. పైకప్పు మోయదగిన బరువునకు వేఱుగ హద్దున్నది. కారుతో ఇచ్చిన పుస్తకమున చూడవలయును. నిండు బరువుతో పోవునపుడు టైర్లలో నింపవలసిన గాలి యెంతయో సాధారణముగ తలుపు అంచున అంటించిన చీటియందుండును.

చట్టము చెప్పునది

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన నిండు బరువును మించి ఏ మోటారు బండిని గాని, తొట్టిబండిని గాని నడపరాదు. తొట్టిబండి పేరు చట్టము ప్రత్యేకముగ చెప్పుచున్నదని గమనింపుడు. చోదకుడు కూలివాడై, యజమాని ఇంట నున్నను, అధికబరువు యజమానికి తెలిసియే జరిగినట్లు న్యాయస్థానము భావింపవచ్చునని అదే సెక్షను చెప్పుచున్నది. 2019లో చేసిన సవరణము వలన అధికబరువునకు జుల్మానా 20,000 రూపాయలు. మించిన ప్రతి టన్నుకు మఱి 2,000 రూపాయలు. మించిన సరకును దింపించు ఖర్చును మనదే.

జుల్మానా కంటె పెద్దది బీమా సంగతి. సరకు బండిలో ఉచితముగ ఎక్కిన ప్రయాణికులకు నష్టపరిహారమిచ్చు బాధ్యత చట్టరీత్యా బీమా కంపెనీలపై లేదని 2002లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇరుగుపొరుగువారిని పుణ్యమునకు తీర్థమునకు తీసికొనిపోయిన రైతు, ప్రమాదము జరిగినచో ఆ పరిహారమునకు తన పొలమును చూపవలసిన స్థితి రావచ్చును. ట్రాక్టరు మీద సంఘపు ఋణము, పొలము మీద పరిహారము పడినచో ఆ కుటుంబము తేరుకొనుట కష్టము.

దారుల సంగతి

1958 మొదలు 1960 వరకు అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రమందలి ఒట్టావాయొద్ద రోడ్లు వేసి, వానిపై లారీలను రేయింబవళ్లు త్రిప్పి పరీక్షించిరి. ఇరుసు మీది బరువు పెరిగినకొలది రోడ్డునకు కలుగు నష్టము సుమారు ఆ బరువు నాలుగవ ఘాతము చొప్పున పెరుగునని తేలెను. బరువు నూటికి ఇరువది పెరిగినచో నష్టము రెండింతలు. బరువు రెట్టింపైనచో నష్టము పదునారింతలు. రెండు ట్రిప్పుల సరకును ఒక ట్రిప్పున తోలి డీజిలు మిగిల్చితిమనుకొందుము. ఆ ఒక్క ట్రిప్పు గట్టురోడ్డును ఎనిమిదింతలు ఎక్కువగ చెఱచినది. మఱుసటి వానకు ఆ గోతులలో మన కమాను పట్టీయే విరుగును.

కాటాయొద్ద చేయవలసిన లెక్క

ఈ లెక్క తెలియుటకు ఒక పూట చాలును. ప్రతి రైసుమిల్లు సమీపమునను కాటా యున్నది. ఖాళీ ట్రాక్టరును, ఖాళీ తొట్టిని విడివిడిగ తూయించి వ్రాసికొనవలయును. తొట్టి రిజిస్ట్రేషను పత్రమున నున్న నిండు బరువును దాని ప్రక్క వ్రాయవలయును. మచ్చునకు, పై లెక్కలోని 1,300 కిలోల తొట్టికి పత్రమున 4,500 కిలోలని యున్నదనుకొందము. తీసివేయగా సరకునకు మిగిలినది 3,200 కిలోలు. 75 కిలోల బస్తాలు 42. ఆ పెద్దరైతు ఏబది దాటి ఎత్తించినపుడే హద్దు దాటియుండెను. ఇదే తొట్టిలో ఇసుక పోసినచో రెండడుగుల లోతున పదునాలుగు అంగుళములకే హద్దు వచ్చును. ఈ రెండు గుర్తులను తొట్టి ప్రక్కపలక మీద రంగుతో వ్రాయింపుడు: బస్తాలు ఎన్నియో అంకెతో, ఇసుక ఎంతవరకో గీతతో. పడవకు నీరు వేసిన గీతను మనము మన చేతులతో తొట్టికి వేసికొందము.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి:

1. రోడ్డెక్కు ముందు బ్రేకు పెడళ్లు రెంటిని జోడింపుడు.
2. నిండు బండిని నడక వేగమునకు కొంచెము హెచ్చుగ మాత్రమే దిగుడున నడపుడు, గేరు తీయకుడు.
3. ఒక ట్రాక్టరునకు రెండు తొట్లు తగిలింపకుడు.
4. వీలైనచో తొట్టికి సొంత బ్రేకులు అమర్పించుకొనుడు. క్రొత్త తొట్టి కొనునపుడు బ్రేకు లేనిదానిని కొనకుడు.
5. టైర్ల గాలిని నెలకొకమారు, యాత్రకు ముందు తప్పక చూపించుడు.
6. తొట్టిలో మనుష్యులను ఎక్కింపకుడు. కూలీలకు ఆటోనో, వ్యానునో మాట్లాడుడు.

ఆఱవ నియమము ఆచరించుట కష్టమని మాకు తెలియును. ముప్పదిమంది యాత్రకు తొట్టి అయిన డీజిలు ఖర్చుతో పోవును. బస్సునకు అద్దె కావలయును. ఇచ్చటనే సహకారము పనికివచ్చును. ఒక ఊరినుండి ఏబదిమంది కలసినచో ఆర్టీసీ వారు ప్రత్యేకముగ బస్సు అద్దెకిత్తురు. తలకు పడు ఖర్చు భరింపరానిది కాదు. ఎరువులను, విత్తనములను కలసి కొనుచున్న మనము యాత్రనేల కలసి చేయరాదు? పుష్కరములకు ముందుగ ప్రతి సంఘమును సభ్యుల పేర్లు వ్రాసికొని ఈ ఏర్పాటు చేయవలయునని మా విన్నపము.

పడవ సరంగు "చాలు" అనినపుడు బేరము చేసిన వర్తకుడు లేడు. మన కళ్లములలో ఆ మాట అనువాడు నేడు లేడు. రైతు సోదరులారా, ఆ మాట మీరే అనవలయును. చోదకుడు కూలివాడు గనుక అనజాలడు, ఇంజను అనజాలదు. ఇంకొక పది బస్తాలు మఱుసటి ట్రిప్పున వచ్చును.